ఏడు చెట్ల వరసలో ఒక మోడు: పాలస్తీనా తత్రీజ్ కుట్టుతో నిరసన చెప్పడం ఎలా

మ్యాటీ క్లాత్ గుర్తుందా? స్కూల్లో క్రాఫ్ట్ పీరియడ్‌కి తెల్ల మ్యాటీ ముక్క, రెండు మూడు రంగుల దారం లడీలు పట్టుకెళ్లి, దాని మీద ఒక గులాబీయో జంట చిలకలో కుట్టి, కింద వెల్‌కమ్ అని రాసి, ఇంటికి తెచ్చి టీవీ మీద కప్పేవాళ్లం. క్రాస్ స్టిచ్ అంటే నా దృష్టిలో చాలా ఏళ్లపాటు ఆ టీవీ కవరే. సరిగ్గా అదే కుట్టుతో, అదే గడుల లెక్కతో పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్‌లో ఆడవాళ్లు, ఇజ్రాయెల్ సైన్యం నిషేధించిన తమ జెండాను గౌన్ల మీదకి ఎక్కించుకుని బజార్లో తిరిగారని తెలిశాక, అటక మీద ఉన్న సూదుల డబ్బా మళ్లీ దింపాను.

ఇది నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాస్తున్న గైడ్. ఒక చిన్న పట్టీ కుట్టడం దాకా తీసుకెళ్తాను. కుట్టు రానివాళ్లకి కూడా వస్తుంది, ఓపిక ఉంటే చాలు. ముందు కొంచెం కథ చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే ఈ కుట్టులో కిటుకు ఎక్కడుందో అర్థం కాదు, ఊరికే నినాదం రాసిన దిండు గలీబులాంటిది తయారవుతుంది.

అసలు వాళ్లేం చేశారు

తత్రీజ్ అంటే అరబిక్‌లో కుట్టుపని, ఎంబ్రాయిడరీ. పాలస్తీనా పల్లెల్లో అమ్మల దగ్గర ఆడపిల్లలు నేర్చుకునేవాళ్లు. ఎక్కువగా క్రాస్ స్టిచ్చే. థోబ్ అనే పొడుగాటి గౌను మీద, ముఖ్యంగా ఛాతీ దగ్గర ఉండే కబ్బే అనే చదరపు భాగం మీద నిండుగా కుట్టేవాళ్లు. సైప్రస్ చెట్టు, బెత్లెహేం చందమామ అని పిలిచే ఎనిమిది కోణాల నక్షత్రం, పాషా గుడారం, హెబ్రాన్ తాళం చెవి, ఇలా ప్రతి నమూనాకీ ఒక పేరుంది. ఏ నమూనా, ఏ ఎరుపు, గౌను మీద ఎక్కడ పెట్టారు అన్నవి చూసి ఆమెది ఏ ప్రాంతమో చెప్పగలిగేవాళ్లు. మన దగ్గర చీర అంచు చూసి ఇది గద్వాల, ఇది ఉప్పాడ అని చెప్పే పెద్దవాళ్లు లేరూ, అలా అన్నమాట.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు జరిగిన యుద్ధంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది, 400కి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. శరణార్థి శిబిరాల్లో వేర్వేరు ఊళ్ల ఆడవాళ్లు పక్కపక్క గుడారాల్లో పడ్డారు, నమూనాలు కలిసిపోయాయి. కుట్టు బతుకుతెరువు కూడా అయింది. గాజాలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1950లో సులాఫా అనే ఎంబ్రాయిడరీ కేంద్రం పెట్టింది, లెబనాన్‌లో 1969లో ఇనాష్ అనే సంస్థ మొదలైంది.

1967 యుద్ధం తర్వాత వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చాయి. ఆ ఆగస్టులో వచ్చిన 101వ నంబర్ మిలిటరీ ఆర్డర్ ప్రకారం అనుమతి లేకుండా జెండాలు గానీ రాజకీయ చిహ్నాలు గానీ చూపించకూడదు. ఇది ఎంత దూరం వెళ్లిందంటే, 1980లో రామల్లాలో ఒక గ్యాలరీ మూయించినప్పుడు పాలస్తీనా జెండా రంగులైన ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు కలిపి వేయొద్దని అధికారి చెప్పాడని, మరి పువ్వు వేస్తే అంటే పుచ్చకాయ వేసినా తీసేస్తాం అన్నాడని చిత్రకారుడు సులేమాన్ మన్సూర్ ఇంటర్వ్యూల్లో గుర్తు చేసుకున్నారు. పుచ్చకాయ బొమ్మ ఇవాళ నిరసన గుర్తుగా ఫోన్లలో తిరుగుతుండడం వెనక ఆ కథ కూడా ఉంది.

1987 డిసెంబర్‌లో మొదటి ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ ఆక్రమణ మీద పాలస్తీనా జనం తిరుగుబాటు, మొదలైంది. వీధిలో జెండా ఎత్తితే లాక్కుంటారు, అరెస్ట్ చేస్తారు. అప్పుడు ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని థోబ్‌ల మీద జెండా రంగులు, పాలస్తీనా మ్యాప్, జెరూసలేంలోని డోమ్ ఆఫ్ ది రాక్ గుమ్మటం, పావురాలు, అరబిక్ అక్షరాల్లో పాలస్తీనా అనే పేరు కుట్టారు. వీటినే ఇంతిఫాదా గౌన్లు అంటారు. ఎక్కువ భాగం అమ్మడానికి కాదు, తాము వేసుకోవడానికే. చేతిలో జెండా లాక్కోవడం తేలిక, ఒంటి మీది గౌను ఎలా లాక్కుంటారు?

నాకు నచ్చిందీ, ఈ గైడ్ మొత్తానికి ఆధారమైందీ ఏంటంటే, వాళ్లు గౌను మీద కుట్టు అమరిక మార్చలేదు. ఛాతీ మీద చదరం అక్కడే ఉంది, కింద నిలువు పట్టీలు అక్కడే ఉన్నాయి, వరసలు వరసలుగా రావాల్సినవి అలాగే వచ్చాయి. చెట్టు ఉండాల్సిన చోట మ్యాప్, పువ్వు ఉండాల్సిన చోట జెండా. పది అడుగుల దూరం నుంచి చూస్తే పండగ బట్టలే, దగ్గరికొస్తే విషయం తెలుస్తుంది. కాబట్టి మన పద్ధతి కూడా అదే. ముందు పాత వరస తప్పు లేకుండా కుట్టడం నేర్చుకుంటాం, తర్వాత ఒకే ఒక్క చోట దాన్ని విరుస్తాం. పాత వరస సరిగ్గా రాకపోతే విరిచినట్టు కనిపించదు, కుట్టడం రాలేదనుకుంటారు.

మొదటి అడుగు: ఏం చెప్పాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

కాగితం మీద రాయండి, మనసులో అనుకుంటే సరిపోదు. నాది ఇది: "రోడ్డు వెడల్పు చేస్తామని మా ఊరి దారిలో చింతచెట్లు కొట్టేశారు, బదులు ఒక్క మొక్క నాటలేదు." మీ వాక్యంలో రెండు మూడు విషయాలు కలిసిపోతే విడగొట్టి ఒకటే ఉంచుకోండి. క్రాస్ స్టిచ్‌లో గడికి ఒక కుట్టే పడుతుంది, దానికి ఉపన్యాసం చెప్పే ఓపిక లేదు.

వాళ్ల మ్యాప్, వాళ్ల తాళం చెవి మన సమస్యకి అరువు తెచ్చుకోకండి. అవి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల గుర్తులు. పాలస్తీనా గురించే చెప్పాలనుకుంటే అది వేరే సంగతి, నిక్షేపంగా కుట్టండి, ఎవరైనా అడిగితే ఇది తత్రీజ్, ఫలానా వాళ్ల కుట్టు అని పేరు పెట్టి చెప్పండి. 2021లో యునెస్కో కూడా పాలస్తీనా ఎంబ్రాయిడరీని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, పేరు చెప్పడానికి మొహమాటం ఎందుకు. నేను తీసుకున్నది సైప్రస్ చెట్టు వరస, ఎందుకంటే నా మాట కూడా చెట్ల గురించే.

రెండో అడుగు: సామాను

గుడ్డ. మ్యాటీ క్లాత్ 14 కౌంట్ అడగండి, అంటే అంగుళానికి 14 గడులు. మొదటిసారి కుడుతుంటే, లేదా చత్వారం వచ్చి ఉంటే 11 కౌంట్ హాయి. కొన్ని షాపుల్లో కౌంట్ అంటే అర్థం కాదు, స్కేలు తీసుకెళ్లి అంగుళంలో గడులు మీరే లెక్కపెట్టుకోండి. రంగు తెలుపైనా నలుపైనా సరే. పాత థోబ్‌లు రెండు రంగుల్లోనూ ఉన్నాయి. నలుపు మీద ముదురు ఎరుపు అద్భుతంగా ఉంటుంది కానీ నల్లగుడ్డ మీద గడులు కనపడక ఏడుపొస్తుంది. ఒడిలో తెల్ల తువ్వాలు పరుచుకుని, దాని మీద గుడ్డ పెట్టి, పగటి వెలుతురులో కుట్టండి, చిల్లుల్లోంచి తెలుపు మెరిసి గడులు తెలుస్తాయి.

దారం. ఆరు పోగులు కలిసి ఉండే కాటన్ స్కీన్, అంటే లడీ, 8 మీటర్లు ఉంటుంది. యాంకర్ కంపెనీది మన ఊళ్లలో దొరుకుతుంది. డీఎంసీ కావాలంటే ఆన్‌లైన్‌లో 815 గానీ 498 గానీ చూడండి, రెండూ ముదురు ఎరుపులే, 321 కొంచెం పండుమిరప ఎరుపు. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఈ డీఎంసీ దారం పాలస్తీనాలోకి 1930ల్లో బాగా వచ్చింది, దాంతోపాటు వచ్చిన నమూనా పుస్తకాల వల్ల యూరప్ గులాబీలు కూడా థోబ్‌ల మీదకి ఎక్కాయి. అంతకుముందు పట్టుదారం వాడేవాళ్లు. మన పట్టీకి ఒక స్కీన్ సరిపోతుంది, అయినా రెండు ఒకేసారి కొనండి. అయిపోయాక మళ్లీ వెళ్తే అదే నంబర్‌లో కూడా ఛాయ తేడా వస్తుంది.

సూది మొన మొద్దుగా ఉండాలి, 14 కౌంట్‌కి 24 నంబర్, 11 కౌంట్‌కి 22. చిన్న కత్తెర, గ్రాఫ్ పేపర్, పెన్సిల్. గుడ్డ బిగించి పట్టే రింగు మీ ఇష్టం, నేను వాడను.

దారం రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి. ఇది నేను దాటేసి ఒక పట్టీ పాడు చేసుకున్నా, తెల్లగుడ్డంతా గులాబీ రంగు అయింది. జానెడు దారం తడిపి, తెల్ల కాటన్ ముక్క మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి. ముక్కకి రంగు అంటితే ఆ స్కీన్ తెల్లగుడ్డకి పనికిరాదు.

మూడో అడుగు: గ్రాఫ్ మీద చెట్టు

చుక్కల ముగ్గు వేసే చేతికి గ్రాఫ్ పేపర్ కొత్తేమీ కాదు. ముగ్గుకి 7 నుంచి 1 దాకా చుక్కలు పెడతాం కదా, ఇక్కడ చుక్క బదులు గడి, అంతే తేడా. అసలైన సైప్రస్ నమూనాలు దీనికంటే చాలా వివరంగా ఉంటాయి, కింద చెప్పేది నేను తేలిక చేసుకున్నది.

ప్రతి వరసా మధ్య గడికి రెండు వైపులా సమానంగా ఉండాలి. పై నుంచి కిందికి కుట్ల లెక్క: 1, 3, 5, మళ్లీ 3, 5, 7, మళ్లీ 5, 7, 9. ఇక్కడికి ఆకులు అయిపోయాయి. తర్వాత కాండం 1, 1. కింద పీఠం 5. మొత్తం 12 వరసలు, వెడల్పు 9 గడులు, చెట్టుకి 52 కుట్లు. గ్రాఫ్ మీద నింపి చూడండి, మూడు మెట్లుగా దిగే చెట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అడ్డంగా 7 చెట్లు, చెట్టుకీ చెట్టుకీ మధ్య 2 గడులు వదలాలి. 63, దానికి 12 కలిపితే 75 గడులు. ఇలాంటి వరసలు 3, వరసకీ వరసకీ మధ్య 3 గడులు, అంటే ఎత్తు 42. 14 కౌంట్ మీద ఇది సుమారు 5.4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు వస్తుంది. చుట్టూ రెండేసి అంగుళాలు వదిలేలా 10కి 8 అంగుళాల ముక్క కత్తిరించుకుని, అంచులు పీచులు ఊడకుండా రన్నింగ్ స్టిచ్ వేసేయండి.

ఇక విరిచే చోటు. మధ్య వరసలో మధ్య చెట్టుకి, అంటే నాలుగోదానికి, పై 9 వరసలూ తీసేయండి. కాండం, పీఠం మాత్రం ఉంచండి. 7 కుట్ల మోడు. 20 చెట్లకి 1040, మోడుకి 7, మొత్తం 1047 కుట్లు.

మీ వాక్యం వేరేదైతే విరుపు కూడా వేరేగా ఉంటుంది. ఒక చెట్టు తలకిందులుగా పెట్టొచ్చు. ఒకదాని రంగు మార్చొచ్చు. రంగుల సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న తమాషా: జెండా రంగులు నాలుగింటిలో నలుపు, తెలుపు ఉన్నాయి కదా, నల్ల థోబ్ మీద కుడితే ఒక రంగు గుడ్డే ఇచ్చేస్తుంది, తెల్లదాని మీదైనా అంతే. మూడు దారాలు చాలు. ఏం చేసినా విరుపు ఒకటే ఉండాలి. నేను మొదటి ప్రయత్నంలో ఐదు చెట్లు రకరకాలుగా పాడుచేశాను, చూసినవాళ్లు డిజైన్ బాగుంది అని ముందుకెళ్లిపోయారు.

నాలుగో అడుగు: కుట్టడం

గుడ్డని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మడిచి గోటితో గీత పడేలా నొక్కండి. గీతలు కలిసేదే నడుమ. నిలువు గీత పడిన గడుల వరస చెట్టు కాండం వరస అవుతుంది. అడ్డగీత నుంచి కిందికి 3 గడులు ఖాళీ వదిలి, నాలుగో గడిలో మొదటి కుట్టు వేయండి. అది మోడు కాండం. అవును, మొట్టమొదట కుట్టేది మోడునే, చెట్లన్నీ దాన్నుంచి లెక్క చూసుకుని వస్తాయి. నేను ఇది కావాలని పెట్టింది కాదు, నడుమ నుంచి మొదలుపెట్టాలన్న క్రాస్ స్టిచ్ నియమం వల్ల అలా కుదిరింది.

దారం మూర పొడవు మించొద్దు. ఎక్కువైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి లాగీలాగీ మెరుపు పోతుంది. 14 కౌంట్‌కి రెండు పోగులు, 11 కౌంట్‌కి మూడు. ముడి వేయకూడదు. రెండు పోగులకైతే మంచి ఉపాయం ఉంది. ఒకే పోగు రెండు మూరలు తీసుకుని సగానికి మడవండి, కొసలు రెండూ సూది బెజ్జంలోకి ఎక్కించండి, అటు చివర ఉచ్చులా మిగులుతుంది. సూది కింద నుంచి పైకి తీసి, ఎదురు మూలలో దించి, వెనక ఆ ఉచ్చులోంచి సూది పోనిచ్చి లాగితే దారం పట్టేస్తుంది. ముగించేటప్పుడు వెనక నాలుగైదు కుట్ల కింద నుంచి దారం దూర్చి కత్తిరించేయడమే.

ఒక వరసలో ఐదు కుట్లుంటే ముందు ఐదూ సగం సగం, కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకి వేసుకుంటూ వెళ్లండి, తిరిగి వస్తూ మిగతా సగాలు పూర్తి చేయండి. పైన పడే కాలు మొత్తం పట్టీ అంతా ఒకే దిక్కుకి ఉండాలి. ఒక్క చెట్టులో అటుదిటు అయినా వెలుతురు పడినప్పుడు ఆ చెట్టు ఛాయ తేడాగా కనిపిస్తుంది, మనం మోడు ఒక్కటే తేడాగా కనపడాలని కదా ఇంత కష్టపడేది.

తత్రీజ్ తెలిసినవాళ్లు ముందు గుడ్డ తిప్పి వెనక చూస్తారు. వెనక కూడా ముందులాగే శుభ్రంగా ఉండాలన్నది వాళ్ల పట్టింపు. నాది అంత రాదు, నిజం చెప్పేస్తున్నా. కనీసం చెట్టు నుంచి చెట్టుకి వెనక దారం సాగదీయకండి, ప్రతి చెట్టుకీ విడిగా మొదలుపెట్టి విడిగా ముగించండి. నాలుగు గడులకి మించి దూకితే తెల్లగుడ్డ మీద ఎర్ర నీడ కనిపిస్తుంది, వేసుకున్నప్పుడు గాజుకి తగులుకుంటుంది కూడా.

లెక్క తప్పితే ఏం చేయాలి? వెంటనే విప్పండి. తర్వాత సర్దుకోవచ్చులే అనుకుంటే చివర్లో ఏడో చెట్టుకి చోటు చాలదు. గంటకి వంద కుట్లు పడ్డాయంటే కొత్తవాళ్లకి బాగా వచ్చినట్టే, ఆ లెక్కన పది పదకొండు గంటల పని, రోజూ సాయంత్రం గంటసేపైతే రెండు వారాల లోపు.

అక్షరాలు పెట్టాలనిపిస్తే

ఇంతిఫాదా గౌన్ల మీద అరబిక్ అక్షరాలు ఉండేవి కాబట్టి మనకీ ఊరి పేరో, సంవత్సరమో పెట్టాలనిపిస్తుంది. తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే, అన్నీ గుండ్రాలు. గడుల మీద గుండ్రం మెట్లు మెట్లుగా వస్తుంది. అక్షరానికి కనీసం 12 గడుల ఎత్తు ఇవ్వండి, తలకట్టు, వత్తులు మాత్రం ఒకే పోగుతో బ్యాక్ స్టిచ్ వేయండి. ఇంకా తేలిక కావాలంటే అంకెలతో సరిపెట్టుకోండి, 2019 అని నాలుగు అంకెలు చాలాసార్లు పేరా మొత్తం చెప్పే పని చేసేస్తాయి. నినాదం మాత్రం వద్దు. నినాదం కుడితే మనం కుట్టిన చెట్లు ఎవరూ చూడరు.

బట్ట మీదకి ఎక్కించడం

పట్టీని అలాగే సంచికో చున్నీ కొంగుకో అతికించొచ్చు. అంచులు లోపలికి మడిచి కనపడని కుట్టు వేస్తే చాలు. నేరుగా జాకెట్టు చేతి మీదో కుర్తా ఛాతీ మీదో కుట్టాలంటే ఆ గుడ్డకి గడులు ఉండవు, లెక్క కుదరదు. అప్పుడు వేస్ట్ కాన్వాస్ అని గడులున్న గుడ్డ దొరుకుతుంది, అది బట్ట మీద పెట్టి చుట్టూ పెద్ద కుట్లతో నిలిపి, మొనదేలిన సూదితో రెండింటిలోంచీ కలిపి కుట్టాలి. అంతా అయ్యాక తడిపి, కాన్వాస్ పోగులు ఒక్కొక్కటే పట్టకారుతో లాగేస్తే కుట్టు మాత్రం బట్ట మీద మిగిలిపోతుంది. పోగులు లాగడం చిరాకు పని, సీరియల్ చూస్తూ చేసుకోండి.

ఉతకడం చన్నీళ్లలో, పిండకుండా. నీడలో ఆరేయాలి. ఇస్త్రీ వెనక వైపు నుంచి, కింద మందపాటి తువ్వాలు వేసి. ముందు నుంచి చేస్తే కుట్లు అణిగిపోతాయి.

వెనక ఒక చిన్న గుడ్డముక్క మీద తేదీ, ఊరు, మొదట కాగితం మీద రాసుకున్న ఆ వాక్యం రాసి కుట్టేయండి. ఈ ఆలోచన పాలస్తీనాది కాదు, చిలీది. అక్కడ 1973 సైనిక తిరుగుబాటు తర్వాత తమవాళ్లు కనపడకుండా పోయిన ఆడవాళ్లు గోనెపట్టా మీద పాతగుడ్డ ముక్కలతో బొమ్మలు కుట్టేవాళ్లు, వాటిని అర్పియేరాలు అంటారు, కొన్నింటి వెనక చిన్న జేబు కుట్టి అందులో చీటీ పెట్టేవాళ్లు. చూసినవాళ్లకి వెంటనే అర్థం కాకపోయినా చీటీ ఉంది కదా.

ఎక్కడ వేసుకోవాలి

గోడకి ఫ్రేమ్ కట్టించొద్దు, నా మాట వినండి. ఇది జనం మధ్య తిరగాల్సిన కుట్టు. 2019 జనవరిలో పాలస్తీనా మూలాలున్న రషీదా త్లైబ్ అమెరికా ప్రతినిధుల సభలో సభ్యురాలిగా ప్రమాణానికి థోబ్ వేసుకుని వెళ్తే, ఆమె ఒక్క ముక్క మాట్లాడకముందే విషయం వెళ్లాల్సిన వాళ్లకి వెళ్లింది. మనకి అంత సభలు లేవు గానీ పెళ్లిళ్లు, బ్యాంకు లైన్లు, ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. ఆఫీసులో ఏవైనా డ్రెస్ నియమాలు ఉంటే మాత్రం చూసుకోండి, అనవసరంగా టెన్షన్ పడొద్దు.

నేను నా పట్టీని గుడ్డసంచికి కుట్టుకున్నాను. మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక నిశ్చితార్థంలో మా పిన్ని సంచి ఒళ్లో పెట్టుకుని, వేలితో చెట్లు లెక్కపెట్టి, "ఏమేవ్, మధ్యలో ఒకటి సగంలో వదిలేశావేంటే?" అంది. వదిలేయలేదు పిన్నీ, కొట్టేశారు అని చెప్పాను. ఏ చెట్లో అడిగింది, చెప్పాను. వాళ్ల వీధిలో మూడు పోయాయట, వేపచెట్లు. గ్రాఫ్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమంది. ఆ రాత్రే లెక్క మార్చి పంపాను: 18 చెట్లకి 936, మూడు మోళ్లకి 21, మొత్తం 957.